నల్ల కొంగ కోసం: బందరు నుంచి చినగంజాం దాకా నాలుగు రోజులు

కృష్ణా డెల్టాలో కొంగలకు కొదవ లేదు. దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, మడిని దమ్ము చేసే (నీళ్లు పెట్టి బురదగా దున్నే) ట్రాక్టరు వెనక ఎప్పుడు చూసినా ఓ గుంపు వాలి ఉంటుంది. ఈ నాలుగు రోజులూ వెతికింది మాత్రం ఆ గుంపుల అంచున ఒంటరిగా తిరిగే ఒక చలికాలపు అతిథిని. ఇంగ్లీషు పేరు వెస్టర్న్ రీఫ్ ఈగ్రెట్, శాస్త్రనామం ఈగ్రెట్టా గులారిస్. గుజరాత్, మహారాష్ట్ర తీరాల్లో ఇది మామూలు పక్షే. మన తూర్పు తీరంలో అక్కడొకటి, ఇక్కడొకటి తప్ప దొరకదు.

దీనిలో రెండు రంగులున్నాయి. ఒకటి పలకలాంటి బూడిద నలుపు, గొంతు దగ్గర మాత్రం తెలుపు. రెండోది ఒళ్లంతా తెలుపు. నల్లదాన్ని రేవులో ఎవరైనా వేలు పెట్టి చూపిస్తారు. తెల్లదాన్ని మన చిన్న తెల్ల కొంగ నుంచి విడదీయడం కష్టం. సరిగ్గా అక్కడే చాలామంది తప్పుగా రాసుకుని ఇంటికి వెళతారు.

తేదీలను పోటుపాట్లు చూసి ఎంచుకున్నాం. జనవరి 18 అమావాస్య. అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనూ ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ పోటు బాగా ఎత్తుకు వస్తుంది, పాటు బాగా కిందికి తీస్తుంది. ఈ తీరంలో ఆ రోజుల్లో పోటు ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య నిండుతుంది. పాటు అడుగంటేది మధ్యాహ్నం రెండు దాటాక. రీఫ్ కొంగ బతుకు ఈ లెక్క మీదే నడుస్తుంది. బురద బయటపడితే మొగల్లోనూ (నీరు సముద్రంలో కలిసే చోట్ల) పాయల్లోనూ వేట, నీరు కమ్మేస్తే మడ చెట్ల మీద విశ్రాంతి. అప్పుడప్పుడూ ఆ పోటు వేళలో కట్ట దాటి రొయ్యల చెరువులకూ, వాటిని ఆనుకున్న పొలాలకూ వస్తుంది. కాబట్టి పొలాల్లో వెతకాల్సింది పొద్దున, పాయల్లో వెతకాల్సింది మధ్యాహ్నం. పక్షుల్ని పొద్దున్నే చూడాలన్న అలవాటును పాయల దగ్గర వదులుకోవాలి.

జనవరి 17, బందరు, మంగినపూడి దారి

మొదటి రోజు అరుదైన పక్షి ఊసెత్తకపోవడమే మంచిది. మామూలు కొంగలు కంటికి అలవాటు కాకముందే అరుదైనదాన్ని వెతికితే ప్రతి మూడో పక్షీ అరుదైనదిగానే కనిపిస్తుంది. బందరు నుంచి మంగినపూడి బీచి 11 కిలోమీటర్లు. ఆ దారిలో మినప చేలు, దాళ్వా నారుమళ్లు, రొయ్యల చెరువులు, చౌడు బీళ్లు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి.

సంక్రాంతి సందడి ఇంకా దిగలేదు. ఇళ్ల ముందు ముగ్గులు చెదిరిపోయి ఉన్నాయి, ఎండిన గొబ్బెమ్మలు గోడలకు ఆనించి ఉన్నాయి. రోడ్డు పక్క పాకలో నాలుగు ఇడ్లీలు 40 రూపాయలు. అల్లం పచ్చడి, కారప్పొడి, పైన ఒక గరిటె నెయ్యి. కారప్పొడి వద్దంటే పాకావిడ ఒప్పుకోలేదు. "కొంచెం వేస్తానండీ, లేకపోతే ఇడ్లీ ఎట్టా దిగుద్ది" అని వేసేసింది.

దమ్ము చేస్తున్న మడి పక్కన కారాపి, దిగకుండా అద్దాలు దించి కూర్చుంటే గంట లోపు నాలుగు రకాల తెల్ల కొంగలూ 30 మీటర్ల దగ్గరికే వచ్చాయి. కారు చాటున ఉంటే కొంగ పట్టించుకోదు. తలుపు తీసి కాలు కింద పెట్టగానే లేచిపోతుంది.

ట్రాక్టరు ఇనప చక్రాల వెనకే నడిచేవి పశువుల కొంగలు. పొట్టి మెడ, పొట్టి పసుపు ముక్కు, గడ్డం ఉబ్బినట్టు ఉంటుంది. ఆసియాలోని ఈ పక్షి శాస్త్రనామంలో కోరమాండల్ పేరుంది. అంటే మనం నిలబడిన ఈ తీరం పేరే. 1783లో పెట్టిన పేరది. మడి మధ్యలో కదలకుండా నిలబడినది పెద్ద తెల్ల కొంగ. దాని మెడ మధ్యలో విరిచినట్టు ఒంపు ఉంటుంది, నోటి చీలిక కన్ను దాటి వెనక్కి పోతుంది. నడిమి సైజు కొంగకు ఆ చీలిక కంటి కిందే ఆగిపోతుంది. ఈ రెంటికీ ఈ కాలంలో ముక్కు పసుపే. నాలుగోది చిన్న తెల్ల కొంగ. సన్నటి నల్ల ముక్కు, నల్ల కాళ్లు, పసుపు వేళ్లు. రీఫ్ కొంగతో పోల్చాల్సింది దీన్నే. కాబట్టి తక్కిన మూడింటికి ఒక్కో నిమిషం ఇస్తే దీనికి అరగంట ఇవ్వాలి.

ముందు ముక్కు. చిన్న కొంగ ముక్కు సూదిలా సన్నగా, తిన్నగా, నల్లగా ఉంటుంది. రీఫ్ కొంగ ముక్కు మొదట్లోనే లావు, కాస్త పొడుగు, చివర కిందికి వాలినట్టు కనిపిస్తుంది. రంగు కొమ్ము గోధుమ, కొన్నిటికి మురికి పసుపు. తర్వాత కాళ్లు. చిన్న కొంగకు నలుపు, పసుపు వేళ్ల దగ్గర గీత గీసినట్టు విడిపోతాయి. రీఫ్ కొంగ కాళ్లు ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగులో ఉండి, ఆ మసక పసుపు వేళ్ల నుంచి పైకి పాకుతుంది. ఎత్తు, బరువు పట్టించుకోవద్దు. రెండూ ఇంచుమించు ఒకే సైజు.

ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. వానాకాలం గూళ్లలో పుట్టిన చిన్న కొంగ పిల్లలకు జనవరికి కూడా ముక్కు కింది దవడ పాలిపోయి ఉండొచ్చు. రంగు ఒక్కటే చూస్తే అదే రీఫ్ కొంగ అనిపిస్తుంది. రెండోది బురద. డెల్టా ఒండ్రు ఆరిపోతే బూడిద పసుపు పూతలా కాళ్లకు అంటుకుంటుంది. అందుకని కాళ్లను పక్షి నీళ్లలోంచి అడుగు పైకెత్తినప్పుడే చూడాలి, అప్పుడు బురద కడిగిపోయి ఉంటుంది. ముక్కును తల పూర్తిగా పక్కకు తిరిగినప్పుడే చూడాలి. మూడొంతులు ఇటు తిరిగి ఉంటే ఏ ముక్కయినా లావుగానే కనిపిస్తుంది.

తొమ్మిదిన్నర దాటితే చౌడు నేల మీద గాలి అలల్లా కదులుతుంది. స్కోపులో (స్టాండు మీద నిలిపి చూసే దూరదర్శినిలో) 40 రెట్లు పెంచితే ముక్కు వంకర్లు తిరుగుతుంది, తిన్నటి ముక్కు కూడా వాలినట్టు కనిపిస్తుంది. అప్పుడు స్కోపును 20 రెట్లకు దించాలి, లేదా 8x42 బైనాక్యులర్‌తో దగ్గరికి వెళ్లాలి. ఎండవేళ దూరం నుంచి చూసి పేరు పెట్టడం కన్నా ఊరుకోవడం మేలు.

మంగినపూడి నుంచి కోన వైపు వెళ్లేటప్పుడు దారి తప్పింది. ఫోను మ్యాపులో రోడ్డులా కనిపించినది నిజానికి మురుగు కాలువ కట్ట. మూడు కిలోమీటర్లు పోయాక రొయ్యల చెరువుల గేటు, తాళం, రెండు కుక్కలు. కట్ట మీద కారు తిప్పే చోటు లేదు, అంత దూరమూ వెనక్కి నడపాల్సి వచ్చింది. ఈ ప్రాంతంలో మ్యాపును నమ్మే ముందు ఒక్క విషయం చూడాలి. కరెంటు స్తంభాల వరసతో పాటు కాంక్రీటు రోడ్డు ఉంటే అది ఊరికి పోతుంది. స్తంభాలుండి రోడ్డు మట్టిదైతే చెరువుల మోటార్ల దగ్గరే ఆగిపోతుంది.

ఆ రోజు లెక్కలో రీఫ్ కొంగ లేదు. సాయంత్రం బందరులో తొక్కుడు లడ్డు అరకిలో కట్టించుకున్నాం. వేయించిన శనగపిండి జంతికల్ని దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి తొక్కుతారు. అందుకే నోట్లో రవ్వలా తగలదు, వెన్నలా కరుగుతుంది. నాలుగు రోజుల మధ్యాహ్నాలకూ పొలం గట్ల మీద అదే ఆసరా అయింది.

జనవరి 18, కోడూరు, హంసలదీవి, పాలకాయతిప్ప

ఉల్లిపాలెం వంతెన దాటితే దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఇక్కడ ఇప్పటికీ కాలాన్ని కొలిచే గుర్తు. పెద్దవాళ్లు ఏ సంగతి చెప్పినా ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత అంటారు. కోడూరు టీ బడ్డీ దగ్గర కొంగల గురించి అడిగినప్పుడూ అదే మాట. "ఉప్పెనకు ముందు ఇయ్యన్నీ వరిచేలేనండీ, చెరువులు లేవు. కొంగలు మడకల వెంట తిరిగేయి."

పొద్దున పోటు వేళకు చెరువుల మధ్య ఉండాలని ఏడింటికే కోడూరు దాటాం. ఏ చెరువుకు వెళ్లాలి అన్నదే అసలు ప్రశ్న. నిండా నీళ్లుండి ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే చక్రాలు) తిరుగుతున్న చెరువుల్లో లోతు ఎక్కువ, పైన పక్షుల కోసం నైలాను దారాలు కట్టి ఉంటాయి. కొంగ దిగదు. పట్టుబడి అయి, తూము తీసి నీళ్లు వదిలేసిన చెరువు కావాలి. ఇక్కడ పెంచే వనామీ రకం రొయ్య పంట మూడు, నాలుగు నెలలది. పట్టుబడి తర్వాత చెరువు ఎండగట్టే ముందు అడుగున గుంటల్లో చిన్న చేపలు, మిగిలిన రొయ్యలు ఇరుక్కుపోతాయి. రెండు మూడు రోజులు పక్షులకు అదే పండగ. ఆ తర్వాత నేల నెర్రెలిస్తే ఒక్కటీ ఉండదు. కాబట్టి టీ బడ్డీ దగ్గర అడగాల్సింది కొంగలు ఎక్కడ అని కాదు, నిన్నా మొన్నా ఎవరి చెరువు పట్టుబడి అయింది అని. ఐస్ బండ్లు ఎటు వెళ్లాయో బడ్డీవాళ్లకు తెలుస్తుంది.

చెరువుల దగ్గర ఒక మర్యాద ఉంది, తప్పకుండా పాటించాలి. కాపలా ఉన్నవారిని అడగకుండా గట్టెక్కకూడదు. ఒక చెరువు బురద కాలికి అంటించుకుని ఇంకో గట్టు తొక్కకూడదు. రొయ్యకు తెల్లమచ్చల జబ్బు, ఇక్కడి మాటలో వైట్‌స్పాట్, బురదతోనూ నీటితోనూ పాకుతుంది. ఒక్క వారంలో రైతు పెట్టుబడి మొత్తం పోతుంది. గేటు దగ్గర బ్లీచింగ్ నీళ్ల తొట్టి ఉంటే చెప్పులతో సహా అందులో కాలు ముంచాలి. ఇంకో సంగతి. రైతులు కొంగల గుంపును చూసి భయపడతారు. జబ్బు తగిలిన రొయ్యలు నీరసించి గట్టు వారకు వస్తాయి, కొంగలు వాటికోసం బారులు తీరతాయి. ఎవరి చెరువు చుట్టూనైనా కొంగలు పెరిగాయని వాళ్ల ముందు సంబరపడితే అది శుభవార్త చెప్పినట్టు కాదు. బైనాక్యులర్ మెడలో వేసుకుని వచ్చిన కొత్తవాళ్లను అధికారులేమో అని కూడా అనుకుంటారు. వచ్చిన పని ముందే చెప్పి, స్కోపులోంచి ఒకసారి చూడనిస్తే అనుమానం పోతుంది. కాపలా ఉన్న పెద్దాయన స్కోపులో పెద్ద కొంగ కన్ను చూసి, భార్యను పిలిచి ఆమెకూ చూపించాడు. తర్వాత తేగలు పెట్టారు. ఉడకబెట్టిన తేగ చీల్చి, మధ్య పీచు తీసి, ఉప్పు కూడా అక్కర్లేకుండా తినడమే. డబ్బు ఇవ్వబోతే కోప్పడ్డారు. ఇంట్లో పిల్లలకని లడ్డు పొట్లం ఇస్తే తీసుకున్నారు.

నీళ్లు వదిలేసిన ఆయన చెరువులో ఎనిమిదిన్నరకు 60కి పైగా కొంగలు. వాటిలో ఒకటి మెడ దాకా నల్లగా కనిపించి గుండె ఝల్లుమంది. పది నిమిషాలు చూస్తే తేలింది, అది చెరువు అడుగు నల్ల బురదలో పొర్లాడినంత పని చేసిన చిన్న తెల్ల కొంగ. బురద మరకకు అంచు ఉంటుంది. పొట్ట, రొమ్ము నల్లగా ఉండి వీపు, రెక్కలు తెల్లగా మిగులుతాయి. ఎగిరితే రెక్క లోపలివైపు పూర్తి తెలుపు. నిజమైన నల్ల రీఫ్ కొంగకు వీపు, రెక్కలు, తల అన్నీ ఒకే బూడిద నలుపు, గొంతు మాత్రమే తెలుపు. నల్లగా కనబడగానే గొంతు చూడాలి, ఆ తర్వాత వీపు.

హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడి దగ్గర అమావాస్య స్నానాలకు వచ్చిన జనం. అసలు రద్దీ మాఘ పౌర్ణమికి, ఆ రోజు పక్షి కోసం రావద్దు. అక్కడి నుంచి పాలకాయతిప్ప బీచి వైపు కృష్ణా అభయారణ్యం మడ అడవి. చెక్‌పోస్టులో పేర్లు రాసుకుని పంపారు, చీకటి పడకముందే తిరిగి రావాలి. ప్లాస్టిక్ సీసాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుని వెళ్లి అన్నీ వెనక్కి తేవాలి.

రోడ్డు పక్క పాయ దగ్గర వల బాగుచేసుకుంటున్న ఆయన్ని నల్ల కొంగ గురించి అడిగితే తలెత్తకుండానే అన్నాడు: "అది ఈ పోటులో రాదండీ. పాటు తీసినాక, ఆ తూము కాడ బురద తేలుద్ది, అప్పుడు వత్తది. ఒకటే ఉంటది." ఆ ఒక్క ముక్క ఒక పూట తిరుగుడుకు సమానం.

ఒంటిగంటన్నరకు అక్కడే కూర్చున్నాం. సూర్యుడు వెనక ఉండేలా పాయకు దక్షిణాన, తెల్ల మడ పొదల నీడలో. బురద మెల్లగా తేలింది. ముందు ఎర్ర కొండి పీతలు బొరియల్లోంచి వచ్చాయి. తర్వాత బురదలో గెంతే చేపలు. ఉల్లంకి పిట్టలు దిగాయి. రెండు గంటల పది నిమిషాలకు కాలువ మలుపు దగ్గర నీటి అంచున అది ఉంది. ఎగిరి వచ్చింది కాదు, నడిచి వచ్చింది.

పలక రంగు. గొంతు తెలుపు స్పష్టం. ముక్కు గోధుమ, లావు, చివర వాలు. కాలెత్తినప్పుడు వేళ్ల పసుపు పైదాకా పాకి కనిపించింది. వేట తీరు చిన్న కొంగకు కాస్త వేరుగా ఉంది. మెడ ముందుకు చాచి వంగి నడిచింది, ఆగింది, ఒక్కసారిగా నాలుగడుగులు పరుగెత్తి, రెక్క ఒకటి సగం తెరిచి నీటి మీద నీడ పట్టి పొడిచింది. అయితే పరుగు, రెక్క తెరవడం, కాలితో బురద కెలకడం చిన్న కొంగ కూడా చేస్తుంది. వేట తీరును సాయంగా వాడుకోవచ్చు, సాక్ష్యంగా వద్దు. 35 నిమిషాలు అదే 50 మీటర్ల ముక్కలో తిరిగి, పోటు మళ్లీ మొదలయ్యాక మడల్లోకి నడిచి వెళ్లిపోయింది.

ఫొటో కోసం ఒక సూచన. తెల్ల కొంగకు ఎక్స్‌పోజర్ ఒక స్టాపు తగ్గించకపోతే ఈకలన్నీ సున్నం ముద్దవుతాయి. అదే కెమెరాను నల్ల రీఫ్ కొంగ మీదికి తిప్పితే ఆ తగ్గింపు తీసేసి, వెనక మెరిసే బురద ఉంటే అర స్టాపు పెంచాలి. లేకపోతే గొంతు తెలుపు తప్ప మిగతాదంతా మసి. మొదటి 20 ఫొటోలు అలాగే పోయాయి, ఎక్స్‌పోజర్ మార్చడం మరిచిపోవడం వల్ల.

బురదలోకి దిగొద్దు. పైన గట్టిగా కనిపించినా మోకాలు దాకా దిగుతుంది, లోపల ఆలిచిప్పలు కత్తుల్లా ఉంటాయి. దిగక తప్పదంటే తాళ్లు గట్టిగా కట్టిన పాత కాన్వాసు బూట్లు వేసుకోవాలి. గంబూటు బురదలోనే ఉండిపోయి కాలు ఒక్కటే బయటికి వస్తుంది.

జనవరి 19, నాగాయలంక, ఏటిమొగ, ఎదురుమొండి

ఈ రోజు అనుకున్నంత ఇవ్వలేదు, త్వరగా చెప్పేస్తాం. నాగాయలంక నుంచి ఇంజను పడవ రెండున్నర గంటలకు 1,800 రూపాయలు. మొదట 2,500 అడిగారు. బేరం కన్నా, ఎక్కడికి కాదు ఎంతసేపు అని మాట్లాడుకోవడం మేలు. ఎక్కడికి అంటే పడవ వేగంగా పోయి సాగర సంగమం చూపించి తెచ్చేస్తుంది. ఎంతసేపు అంటే ఇంజను ఆపి పాయలో ఉండొచ్చు. లైఫ్ జాకెట్లు అడిగి తీసుకోవాలి, అడగకపోతే పడవ ముక్కులోనే ఉండిపోతాయి.

పడవలోంచి స్కోపు పనికిరాదు. అల కదలికకు 20 రెట్లు కూడా నిలవదు. బైనాక్యులరే. వచ్చిన పొరపాటు వేళ గురించి: సముద్రపు మొగ దగ్గర పోటు నిండిన సమయానికి లోపలి పాయల్లో ఇంకా నిండదు, ఎంత లోపలికి పోతే అంత ఆలస్యం. బందరు పోటు లెక్క పెట్టుకుని బయల్దేరడం వల్ల లోపలి పాయలకు బురద తేలకముందే చేరాం. మడల మీద విశ్రాంతి తీసుకుంటున్న పక్షులు మాత్రం బాగా కనిపించాయి. మూడు చోట్ల నల్లటి ఆకారాలు మనసును లాగాయి. ఒకటి నీటికాకి. ఒకటి చింతవక్క పిల్ల, మెడ ముడుచుకుని కూర్చుంది. మూడోది వెలుగుకు ఎదురుగా నిలబడిన నారాయణ పక్షి. వెలుగు వెనకనుంచి పడితే ఏ కొంగయినా నల్ల కొంగే. పడవవాణ్ణి ఒక చుట్టు తిప్పి సూర్యుణ్ణి వీపు వెనక పెట్టించడానికి మొహమాటపడకూడదు.

ఏటిమొగ రేవులో పంటు (బండ్లను కూడా దాటించే బల్లకట్టు పడవ) ఎక్కి ఎదురుమొండి దాటాం. పంటు మీద మనుషులు, మోటారు సైకిళ్లు, గడ్డిమోపులు, ఒక గేదె. లంకలో పొలాలు, చెరువులు కలిసే ఉన్నాయి. అక్కడ దాళ్వా నాట్లు వేస్తున్న ఆడవాళ్లు వంగిన నడుములెత్తకుండానే ప్రశ్నలు వేశారు. కొంగను చూడ్డానికి విజయవాడ నుంచా? దాన్ని తింటారా? తినరా? మరి? స్కోపు గట్టు మీద పెడితే ఇద్దరు వచ్చి చూశారు. నడిమి సైజు కొంగ ముక్కుకు పట్టిన నాచు పోగు కూడా కనిపిస్తోందని ఒకామె మిగిలినవాళ్లను కేకేసి పిలిచింది. మేస్త్రి మొహం చిట్లించాడు. పనివేళలో ఇలా పిలవకూడదు, భోజనాల వేళ దాకా ఆగి ఉండాల్సింది.

మధ్యాహ్నం నాగాయలంకలో పండుగప్ప పులుసు భోజనం 220 రూపాయలు. ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోటి చేప ఇది, ముల్లు తక్కువ, కండ పొరలు పొరలుగా విడుతుంది. చింతపండు ఎక్కువ, మెంతి వాసన తక్కువ. నిన్నటి పులుసు ఉందంటే అదే అడగండి, రాత్రంతా నానిన ముక్క రుచి వేరు. రొయ్యల వేపుడు విడిగా 160. ఇన్ని చెరువుల మధ్య రొయ్య చౌక అనుకుంటాం కానీ మంచి సైజు రొయ్యంతా ఐస్ పెట్టెల్లో ఎగుమతికి పోతుంది.

తిరుగు దారిలో కట్ట పక్క మురుగు కాలువలో ఒక తెల్ల కొంగ అనుమానం రేపింది. ముక్కు కింది భాగం పాలిపోయి ఉంది. మొదటి రోజు పాఠం ఇక్కడ పనికొచ్చింది. ముక్కు పాలిపోయింది గానీ సన్నగా తిన్నగా ఉంది, కాళ్లు వేళ్ల దాకా నలుపు. చిన్న కొంగ పిల్ల అని రాసేశాం.

జనవరి 20, రేపల్లె మీదుగా చినగంజాం

పులిగడ్డ, పెనుమూడి వంతెన మీద కృష్ణ దాటి రేపల్లె. నిజాంపట్నం హార్బరులో చేపల వేలం చూడదగ్గదే, కానీ కొంగల కోసం అయితే ఆగనక్కర్లేదు. అక్కడ చేప వ్యర్థాల మీద బతికేవి పశువుల కొంగలు, కాకులు, గద్దలు. చీరాల, వేటపాలెం దాటి చినగంజాం ఉప్పు కొఠార్లకు తొమ్మిదికి చేరాం. పోటు నిండే వేళ.

జనవరిలో ఉప్పు ఇంకా రాలేదు. వానలకు పాడైన మడుల్ని బాగుచేసి, అడుగు తొక్కి గట్టిపరిచి, సముద్రపు నీటిని ఒక్కో మడిలోకీ వదిలే పని నడుస్తోంది. పక్షుల కోసం వచ్చినవారు తెల్లగా మెరిసే చివరి మడుల దగ్గర నిలబడతారు, అది పొరపాటు. నీరు చిక్కబడి ఉప్పు కట్టే మడిలో చేప బతకదు, కొంగకు అక్కడ పని లేదు. కాలువ నుంచి నీరు మొదట వచ్చి నిలిచే పెద్ద మడులూ, ఆ కాలువ తూములూ చూడాలి. ప్రతి తూము దగ్గరా నీటితో పాటు చిన్న చేప కొట్టుకొస్తుంది. ఒక్కో తూముకు ఒక్కో కొంగ, హక్కు పత్రం ఉన్నట్టు. రెండోది వస్తే తరిమేస్తుంది.

మడుల మధ్య గట్లు వెడల్పు అడుగున్నర. కొత్తగా తొక్కిన గట్టు మీద నడిస్తే విరుగుతుంది, ఒక రోజు కూలి పని పాడవుతుంది. పని చేస్తున్నవారిని అడిగితే ఏ గట్టు ఆరిందో చెప్పారు. నీడ ఎక్కడా లేదు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, టోపీ, కింద నుంచి కొట్టే తెలుపుకు నల్ల కళ్లద్దాలు. కళ్లద్దాలు బైనాక్యులర్ పెట్టేటప్పుడు తీసేయాలి, వాటితో చూస్తే ముక్కు, కాళ్ల రంగులు మారిపోతాయి.

నాలుగో తూము దగ్గర ఒక నల్ల రీఫ్ కొంగ. ఎదురుచూడకుండానే, తొమ్మిది గంటల 40 నిమిషాలకు. ఇది మొదటిదాని కన్నా గోధుమ ఛాయ కలిసిన మురికి నలుపు, గొంతు తెలుపు సరిహద్దు చెదిరి ఉంది. ఈడు తక్కువ పక్షికి అలా ఉంటుంది. పక్క తూము దగ్గర చిన్న తెల్ల కొంగ ఉండటంతో రెండు ముక్కులూ ఒకే చట్రంలో పడ్డాయి. పుస్తకంలోని బొమ్మలు ఎన్ని చూసినా ఆ పక్కపక్క పోలిక ఇచ్చేది ఇవ్వవు.

ఆరో తూము దగ్గర తెల్లది. దీనితో 45 నిమిషాలు గడిచాయి. ముక్కు లావుగా, గోధుమగా, చివర కొద్దిగా వాలి ఉంది. కాళ్లు మాత్రం నీళ్లలోనే. ఒక్కసారి గట్టెక్కింది, అప్పుడు కాళ్ల మీద ఆరిన ఉప్పు పూత. వేళ్ల పసుపు పైకి పాకిందో, ఉప్పు తెలుపు మెరిసిందో 70 మీటర్ల నుంచి తేలలేదు. తెల్ల రీఫ్ కొంగల్లో కొన్నిటి రెక్కల్లో ఒకటో రెండో బూడిద ఈకలు దాగి ఉంటాయి. ఎగిరినప్పుడు అవి కనబడితే చిక్కు విడిపోతుంది. అందుకోసం దాన్ని లేపాలని అనిపించింది గానీ లేపలేదు. పోటు వేళ తూము దగ్గర దొరికే ఆ గంటే దాని పొద్దుటి తిండి. చివరికి ఉప్పు పనివాళ్ల సైకిలు వస్తే తనంతట తానే లేచి సముద్రం వైపు పోయింది. 11 ఫొటోలు తీశాం, వాటిలో రెక్క పూర్తిగా తెరుచుకున్నవి మూడు.

ఇంటికొచ్చి ఆ మూడింటినీ పెద్దవి చేసి చూశాం. ఎడమ రెక్క మధ్యలో ఒక మసక గీత ఉంది, అది ఈకో నీడో చెప్పలేం. ఈ రెండు జాతులకూ మధ్య సంకర పక్షులు ఉన్నాయన్న సంగతి కూడా మరిచిపోకూడదు. పక్షులు చూసేవాళ్లు లెక్కలు రాసుకునే వెబ్‌సైటు ఈబర్డ్‌లో ఇలాంటివాటి కోసమే 'చిన్న కొంగ లేదా వెస్టర్న్ రీఫ్' అన్న వరస ఉంది. ఆరో తూము పక్షిని అందులోనే రాశాం. నల్లవి రెండు, తేలనిది ఒకటి.